పూత మీద మందు కొట్టాక ఈగలు తిరిగి రాలేదు

ప్రశ్న: నూజివీడు దగ్గర మా మామిడి తోటలో 12 ఇటాలియన్ తేనెటీగల పెట్టెలు పెట్టుకున్నాను. సంక్రాంతి నాటికి మంచి పెట్టెల్లో ఎనిమిది ఫ్రేముల (తేనెపట్టు కట్టే చట్రాల) నిండా ఈగలున్నాయి. పక్క తోట రైతు తేనెమంచు పురుగుకూ బూడిద తెగులుకూ ఒకే దెబ్బలో పోతుందని ఇమిడాక్లోప్రిడ్ (పురుగు మందు), హెక్సాకొనజోల్ (తెగులు మందు), స్టిక్కర్ (మందు అంటుకునేలా చేసే జిగురు) కలిపి, నిండు పూత మీద పొద్దున తొమ్మిదింటికి తైవాన్ స్ప్రేయర్‌తో కొట్టించారు. నాలుగు రోజుల్లో ఎనిమిది ఫ్రేముల పెట్టెలు నాలుగుకు దిగిపోయాయి. మిగతా బలహీనమైన పెట్టెలూ తగ్గాయి కానీ ఇంతగా కాదు. రాణి ఉంది, పిల్లపురుగులున్నాయి, తేనె కూడా ఉంది. పెట్టెల ముందు చచ్చిన ఈగలు మాత్రం పెద్దగా లేవు. ఉన్న కొన్నీ నాలుక బయటపెట్టి పడి ఉన్నాయి. ఇది మందు వల్లేనా? పెట్టెలు కోలుకుంటాయా? తేనె అమ్ముకోవచ్చా? మాట్లాడదామని వెళ్తే ఆయన "ఎర్ర గుర్తు మందేం కాదు కదా, కొట్టకపోతే నా కాపు పోతుంది" అంటున్నారు.

సమాధానం: మీరు రాసిన లక్షణాలన్నీ మందువైపే చూపిస్తున్నాయి. అన్నిటికంటే పెద్ద ఆధారం మీ ఉత్తరంలోనే ఉంది. బలమైన పెట్టెలే ఎక్కువ దెబ్బతిన్నాయి. రోగమైతే, ఆకలైతే మామూలుగా ముందు బలహీనమైన పెట్టె కూలుతుంది. మందు దెబ్బ దీనికి తలకిందులు. ఏ పెట్టెలో మేతకు వెళ్ళే ఈగలు ఎక్కువో ఆ పెట్టే ఎక్కువ నష్టపోతుంది. పైగా అన్ని పెట్టెలూ ఒకే వారంలో తగ్గాయి, తేనె ఉంది కాబట్టి ఆకలి చావు కాదు. ఆకలితో చచ్చిన ఈగలు ఖాళీ గదుల్లో తలదూర్చి, తోకలు బయటికి కనపడేలా ఉంటాయి.

శవాలు లేకపోవడం మిమ్మల్ని తికమక పెట్టినట్టుంది. క్వినాల్‌ఫాస్, క్లోర్‌పైరిఫాస్, డైమిథోయేట్ లాంటి మందులైతే పెట్టె గుమ్మం ముందే కుప్పలు పడతాయి, ఈగలు కక్కుకుని ఒళ్ళు తడిగా ఉంటాయి. సింథటిక్ పైరిథ్రాయిడ్లతో చాలా ఈగలు పొలంలోనే పడిపోతాయి. ఇమిడాక్లోప్రిడ్, తయామిథాక్సామ్ లాంటివి నేరుగా నరాల మీద పనిచేస్తాయి. కొన్ని ఈగలు వణుకుతూ, నాలుక చాచి, పెట్టె దగ్గరే పడతాయి. మిగతావి దారి తప్పి బయటే పోతాయి. 2012లో ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు చంపేంత కాని మోతాదులో తయామిథాక్సామ్ తాగించి, ఈగల వీపుకు చిన్న చిప్ అంటించి వదిలారు. మందు తాగని ఈగలకంటే చాలా ఎక్కువ ఈగలు ఇంటికి చేరలేదు. మీ పెట్టెల్లో ఖాళీ అయిన నాలుగు ఫ్రేముల ఈగలు చాలావరకు ఇలాగే పోయి ఉంటాయి.

గుమ్మం ముందు రోజుకు వంద దాకా చచ్చిన ఈగలు బలమైన పెట్టెకు మామూలే. 200 నుంచి 400 ఉంటే స్వల్ప దెబ్బ, 500 నుంచి 1000 అయితే మధ్యస్థం, వెయ్యి దాటితే తీవ్రం అని లెక్క. రేపటి నుంచి గుమ్మం ముందు తెల్లగుడ్డ పరిచి పొద్దున్నే లెక్కపెట్టి రాసుకోండి. అంకె ఎలా తగ్గుతోందో, మళ్ళీ ఎప్పుడు పెరుగుతోందో చూస్తే పక్కవాళ్ళు ఇంకోసారి కొట్టారో లేదో కూడా తెలిసిపోతుంది.

వరోవా నల్లిని (ఈగలకూ వాటి పిల్లలకూ పట్టే పరాన్నజీవి) ఒకసారి తోసిపుచ్చుకోవడం మంచిది, ఎందుకంటే నల్లి ఎక్కువగా ఉన్న పెట్టె మందు దెబ్బ నుంచి కోలుకోవడం కష్టం. పిల్లలున్న ఫ్రేము మీది ఈగలు అరకప్పు, అంటే సుమారు 300, రాణి లేకుండా చూసి సీసాలోకి దులపండి. మూతకు బదులు సన్నని తీగవల బిగించి, రెండు చెంచాల పంచదార పొడి వేసి ఒక నిమిషం దొర్లించండి. రెండు నిమిషాలు ఆగి తెల్ల పళ్ళెంలోకి గట్టిగా దులిపితే ఎర్రగోధుమ రంగు నల్లులు రాలతాయి. తొమ్మిది దాటితే నల్లికి వేరే చికిత్స తప్పదు. ఈగల్ని మళ్ళీ పెట్టెలో వదిలేయవచ్చు, చావవు.

ఇక మోతాదు సంగతి. పక్క తోట ఆయనకు ఇది అర్థమైతే సగం పని అయినట్టే. ఇమిడాక్లోప్రిడ్ 17.8 ఎస్ఎల్ అనే ద్రవ మందును లీటరు నీటికి 0.3 మిల్లీలీటర్లు కలిపితే, ఆ లీటరులో అసలు మందు సుమారు 60 మిల్లీగ్రాములు. ఈగ కడుపులోకి వెళ్తే సగం ఈగల్ని చంపే మోతాదు ఒక్కో ఈగకు సుమారు 3.7 నానోగ్రాములు. నానోగ్రాము అంటే మిల్లీగ్రాములో పది లక్షల వంతు. ఆకు చివర వేలాడే ఒక్క నీటిబొట్టు దాదాపు 0.05 మిల్లీలీటరు. ఆ స్ప్రే బొట్టులో 3000 నానోగ్రాములు ఉంటుంది. అంటే ఒక్క బొట్టులో 800 ఈగలకు సరిపడే విషం. ఇక్కడ మందు ఎక్కువ వేయడం, తక్కువ వేయడం అనే తేడా ఏం లేదు. సరైన మోతాదే పూత మీద పడితే ఇంత పని చేస్తుంది.

డబ్బా మీది త్రికోణం రంగు ఇక్కడ పనికిరాదు. ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ గుర్తులు మనిషికీ పశువుకూ ఎంత ప్రమాదమో చెప్పేవి, ఎలుకల మీద పరీక్షించి ఇచ్చేవి. ఈగ సంగతి అందులో లేదు. స్పైనోసాడ్ మనిషికి పెద్దగా హాని చేయదు, తడిగా ఉన్నప్పుడు ఈగకు మాత్రం మృత్యువే. కాబట్టి రంగు చూసి వాదించుకోకండి. డబ్బాతో వచ్చే కరపత్రం తెప్పించుకుని, తేనెటీగల హెచ్చరిక ఎక్కడుందో వెతికి గీత గీసి చూపించండి.

హెక్సాకొనజోల్ కలపడం ఎంత పాపమని మీరు అడగలేదు కానీ చెప్పాలి. ఈగ శరీరంలో విషాన్ని విరగ్గొట్టే ఎంజైములుంటాయి. హెక్సాకొనజోల్, ప్రొపికొనజోల్, టెబుకొనజోల్ తరహా తెగులు మందులు ఆ ఎంజైముల్ని పనిచేయనివ్వవు. ఇమిడాక్లోప్రిడ్ విషయంలో దీనివల్ల తేడా కొద్దిగానే ఉంటుంది, అది తానే అంత విషం కనుక. అసలు ప్రమాదం, ఈగకు కాస్త నయమని చెప్పే ఎసిటామిప్రిడ్‌కు మారినప్పుడు వస్తుంది. ఎసిటామిప్రిడ్ ఒక్కటే అయితే ఇమిడాక్లోప్రిడ్ కంటే ఈగకు వందల రెట్లు తక్కువ విషం. అదే ప్రొపికొనజోల్‌తో కలిపినప్పుడు విషతీవ్రత వంద రెట్లు పెరిగినట్టు ప్రయోగశాలలో తేలింది. లాంబ్డా సైహలోత్రిన్ లాంటి పైరిథ్రాయిడ్లతోనూ ఈ గొడవ ఉంది. వచ్చే ఏడు ఆయన మందు మార్చినా, పురుగు మందునూ తెగులు మందునూ ఒకే ట్యాంకులో కలిపితే మార్చినందుకు ఫలితం దక్కదు. స్టిక్కర్ కూడా పూత దశలో వద్దు, మందు పువ్వుకే కాదు ఈగ ఒంటికీ బాగా అంటుకుంటుంది.

ఇప్పుడు మీరు చేయాల్సినవి, ఈ రాత్రి నుంచే.

వీలుంటే పెట్టెల్ని మూడు కిలోమీటర్లకు పైగా దూరం, పూత మీద మందు కొట్టని చోటికి తరలించండి. అంతకంటే దగ్గరికి మారిస్తే మేతకు వెళ్ళిన ఈగలు పాత చోటికే తిరిగి వెళ్తాయి. చీకటి పడి ఈగలన్నీ లోపలికి చేరాక గుమ్మానికి తీగవల బిగించి, ఫ్రేములు కదలకుండా కట్టి, రాత్రిపూటే తీసుకెళ్ళండి. గుమ్మంలో గుడ్డ కుక్కి మూసేస్తే ఊపిరాడక మొత్తం పెట్టె పోతుంది, గాలి ఆడాలి. తరలించే వీలు లేకపోతే కనీసం కింది పనులు ఆపకండి.

ఒక్కో పెట్టె తెరిచి ఈగలు కప్పి ఉన్న ఫ్రేములు ఎన్నో చూడండి. నాలుగే ఉంటే నాలుగే ఉంచి, పక్కన డమ్మీ చెక్క పెట్టి ఖాళీ తగ్గించండి. పిల్లల గూడు 34, 35 డిగ్రీల వెచ్చదనంలో ఉండాలి. ఈగలు తగ్గాయంటే అంచుల్లోని పిల్లపురుగులు రాత్రి చలికి చచ్చిపోతాయి. ఈగలు కాపలా లేని ఖాళీ పట్లు లోపలే వదిలితే పది రోజుల్లో మైనపు పురుగు పట్టి జల్లెడ చేస్తుంది, అవి బయటికి తీసి భద్రపరచుకోండి. గుమ్మాన్ని రెండు ఈగలు పట్టేంత వెడల్పుకు తగ్గించండి. లేకపోతే పక్క పెట్టెల ఈగలు దోపిడీకి దిగుతాయి.

రెండు మూడు ఫ్రేములకు పడిపోయిన పెట్టెల్ని ఒంటరిగా ఉంచొద్దు. రెంటిని కలపండి. రెండు రాణుల్లో గుడ్లు పెట్టడం బాగోలేనిదాన్ని ముందు రోజే తీసేసి, బలమైన పెట్టె మీద వార్తాపత్రిక ఒక్క పేజీ పరిచి, సూదితో నాలుగైదు చిల్లులు పెట్టి, దానిపై బలహీనమైన పెట్టె ఉంచండి. అవి కాగితం కొరుక్కుంటూ కలిసేసరికి వాసనలు కలిసిపోయి కొట్లాట ఉండదు. ఆరు బలమైన పెట్టెలు మిగిలితే పన్నెండు బక్క పెట్టెలకంటే అదే మేలు. మార్చి చివరికి మళ్ళీ విడదీసుకోవచ్చు.

తర్వాత పుప్పొడి. మందు పడ్డ రెండు మూడు రోజుల్లో తెచ్చి దాచిన పుప్పొడిలో విషం ఉండిపోతుంది. బయటి చావులు ఆగిపోయాక కూడా లోపల లేత ఈగలు, పిల్లపురుగులు చస్తూనే ఉంటే కారణం ఇదే, ఆ పుప్పొడి తిని పిల్లలకు పెట్టేది అవే కనుక. మెరుస్తూ తాజాగా కనపడే పుప్పొడి ఫ్రేముల్ని తీసేయండి. బదులుగా కొవ్వు తీసిన సోయాపిండి మూడు పాళ్ళు, ఈస్టు ఒక పాలు చక్కెర పాకంతో ముద్దగా కలిపి ఫ్రేముల పైన వంద గ్రాముల బిళ్ళ పెట్టండి. కిలో పంచదారకు లీటరు నీళ్ళు కలిపిన పాకం సాయంత్రం పూట పెట్టెకు పావు లీటరు చొప్పున, లోపలి ఫీడర్‌లోనే పోయండి. ఒక్క చుక్క బయట ఒలికినా దోపిడీ మొదలవుతుంది. బయట కొన్న తేనె మాత్రం పెట్టకండి, ఎవరి పెట్టె రోగమో దాంతో వస్తుంది.

నీళ్ళు చాలామంది మర్చిపోతారు. మందు కలిపిన చోట మడుగు, డ్రిప్ లీకయ్యే చోట తడి, స్ప్రేయర్ కడిగిన తొట్టి, ఇవన్నీ ఈగలు తాగే నీళ్ళే. పెట్టెలకు యాభై మీటర్ల లోపు వెడల్పాటి మట్టి తొట్టిలో నీళ్ళు పోసి, ఈగ మునగకుండా గోనెపట్టా ముక్క, పుల్లలు వేయండి. ఎండిపోనివ్వకండి, ఒకసారి వేరే చోటు అలవాటైతే తిరిగి రావు.

కోలుకోవడానికి ఎంత కాలమని అడిగారు. గుడ్డు కూలి ఈగగా బయటికి రావడానికి 21 రోజులు. అది ఇంటిపనులు దాటి మేతకు వెళ్ళడానికి మామూలుగా మరో మూడు వారాలు. పెద్దలు పోయినప్పుడు లేత ఈగలు ముందే మేతకు దిగుతాయి, దానివల్ల అవీ త్వరగా అరిగిపోతాయి, పిల్లల పోషణా తగ్గుతుంది. ఇవాళ రాణి పెట్టే గుడ్లు మార్చి నెలాఖరుకు గానీ మేతకు పనికిరావు. మామిడి పూత అప్పటికి అయిపోతుంది. ఈ సీజన్ తేనె మీద ఆశ వదులుకుని, పెట్టెలు నిలబెట్టుకోవడం మీద దృష్టి పెట్టమంటాను.

ఇప్పుడు పెట్టెల పై గదిలో ఉన్న తేనెను అమ్మకండి. పూత మీద మందు పడ్డాక తెచ్చింది, అవశేష పరీక్ష చేయించకుండా దాన్ని తినేవాళ్ళ ముందు పెట్టకూడదు. ఈగలకు మేతగా కూడా వాడకండి. మందు కొట్టకముందే మూతలు వేసిన పట్లు విడిగా గుర్తించగలిగితే అవి వేరుగా ఉంచండి.

సాక్ష్యం కావాలంటే ఆలస్యం చేయకూడదు. చచ్చిన ఈగలు అరకప్పు, తాజావి, శుభ్రమైన గాజు సీసాలో వేసి డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి. ఎండలో పడి ఎండినవి పరీక్షకు పనికిరావు. ఖాళీ డబ్బా ఫోటో, తోటలో పూత ఫోటో, తారీఖు, గాలి ఎటు వీచిందో రాసిన కాగితం దానితో ఉంచండి. మీ ఊరి రైతు సేవా కేంద్రంలో చెప్పి, మండల వ్యవసాయ అధికారికి రాతపూర్వకంగా ఇవ్వండి. మీకు దగ్గర్లోనే విజయరాయి ఉద్యాన పరిశోధన స్థానం ఉంది. తేనెటీగలు, పరాగ సంపర్క కీటకాల మీద అఖిల భారత పరిశోధన పథకం పనులు అక్కడ జరుగుతాయి. ఫ్రేము ఒకటి పట్టుకెళ్ళి చూపిస్తే రోగమా మందా అన్నది ఇంకో కన్ను కూడా చూస్తుంది. మీ పెట్టెలు మధుక్రాంతి పోర్టల్‌లో (తేనెటీగల పెంపకందార్ల ప్రభుత్వ నమోదు వెబ్‌సైట్) నమోదు కాకపోతే ఈ పని కూడా చేసుకోండి.

పక్క తోట ఆయనతో తగువు పెట్టుకోవద్దు. ఆయన భయం అబద్ధం కాదు. తేనెమంచు పురుగు పూతలో రసం పీల్చి, ఆకుల మీద జిగురు కార్చి, నల్లమసి పట్టించి కాపును నిజంగానే పోగొడుతుంది. ఆయనకు చెప్పాల్సిన మాట వేరే. మామిడిలో పరాగ సంపర్కం ఎక్కువగా మామూలు ఈగలూ (తేనెటీగలు కాదు), చిన్న తేనెటీగలూ, పూల మీద గాలిలో నిలబడి తిరిగే చారల ఈగలూ చేసేవే. మామిడి పువ్వులు చాలావరకు పొద్దునే విచ్చుకుంటాయి. తొమ్మిదింటికి కొట్టారంటే, ఆ గంటలో గెలల మీద పని చేస్తున్నవాటిని తన తోటలోనే తాను చంపుకున్నారు. కాపు ఆయనదే తగ్గుతుంది. మీ పెట్టెలు కనపడ్డాయి కనుక మీరు అడిగారు. నేలలో బొరియలు చేసుకుని ఒంటరిగా బతికే తేనెటీగలు చస్తే లెక్క చూసేవాళ్ళే లేరు.

ఆయనకు ఇవ్వగలిగిన ప్రణాళిక ఇది. కోత అయ్యాక కొమ్మలు కత్తిరించి వెలుతురు లోపలికి వచ్చేలా చేస్తే తేనెమంచు పురుగు దాక్కునే చోటు తగ్గుతుంది, ఆ పురుగుకు చీకటి, తేమ ఇష్టం. పూమొగ్గ బయటికి వచ్చే దశలో, పువ్వు ఒక్కటీ విచ్చుకోకముందు, చెట్టు మానుతో సహా తడిసేలా మొదటి పిచికారి. ఇక్కడ బుప్రొఫెజిన్ వాడమని నా సలహా. అది పిల్ల పురుగుల కుబుసం విడవనివ్వదు, పెద్ద తేనెటీగను చంపదు. ఫలితం కనపడటానికి వారం పడుతుంది, మర్నాడు పురుగు రాలలేదని రెండో మందు కలపొద్దని ముందే చెప్పండి. పూత ముందు కొట్టినా ఇమిడాక్లోప్రిడ్ చెట్టులోకి ఇంకి మకరందంలోకి చేరుతుంది. మొదళ్ళలో పోస్తే ఇంకా ఎక్కువ. అందుకే పూత ముందు కూడా దాన్ని సిఫారసు చేయలేకపోతున్నాను. బూడిద తెగులుకు నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు, అదీ పూత విచ్చకముందు. ఎండ 35 డిగ్రీలు దాటితే పూత మాడుతుంది. నిండు పూతలో ఏమీ కొట్టకూడదు. పిందె బఠాణీ గింజంత అయ్యాక అవసరమైతే రెండో పిచికారి.

పూతలో పురుగు విపరీతమై కొట్టక తప్పని పరిస్థితి వస్తే వేప మందు లేబుల్ మోతాదులో, ఒక్కటే, సాయంత్రం ఆరు దాటాక. పొడి మందు ఏదీ చల్లొద్దు, అది పుప్పొడిలాగే ఈగ కాళ్ళకు అంటుకుని నేరుగా పెట్టెలోకి చేరుతుంది. సాయంత్రం కొట్టినా జనవరి, ఫిబ్రవరి మంచులో మందు తెల్లారేదాకా తడిగానే ఉండిపోతుందని గుర్తుంచుకోవాలి. పొడి రాత్రికి సరిపోయే విరామం మంచు రాత్రికి సరిపోదు. స్ప్రేకు ముందు రోజు తోట నేల మీది గడ్డిచామంతి లాంటి పూల కలుపును కోయించండి. చాలాసార్లు ఈగలు చెట్టు మీద కాదు, కింద ఈ పూల మీద ఉండి తడుస్తాయి. ఈ కూలీ ఖర్చులో సగం మీరు పెట్టుకున్నా నష్టం లేదు.

రెండు రోజుల ముందు కబురు చెప్పమని అడగండి. చెప్పిన రాత్రి గుమ్మాలకు తీగవల బిగించి, మర్నాడు పెట్టెల మీద తడిపిన గోనెపట్టా కప్పి, లోపల పాకం ఉంచితే ఒక్క రోజు మూసి ఉంచవచ్చు. అంతకు మించితే వేడికి పట్టు కరిగి ఈగలు చస్తాయి. వేప మందు, ఎండితే తీవ్రత తగ్గే స్పైనోసాడ్ లాంటివాటికి ఈ ఒక్క రోజు సరిపోతుంది. ఎసిఫేట్, డైమిథోయేట్, క్లోర్‌పైరిఫాస్, లాంబ్డా సైహలోత్రిన్ లాంటివి ఒక రోజు దాటి కూడా ఆకు మీద విషంగా ఉంటాయి. వాటికి మూయడం దండగ, పెట్టెలు ముందే తరలించాలి.

మీ తోటలోనో దగ్గరలోనో బీర, సొర వేసి ఉంటే ఒక్క మాట. సాయంత్రం కొట్టమన్న సలహా వాటికి పనికిరాదు, ఆ పూలు సాయంత్రమే విచ్చుకుంటాయి. పుచ్చ, దోస పొద్దున విచ్చుకుని మధ్యాహ్నానికి ముడుచుకుంటాయి కనుక వాటికి సాయంత్రం సరైన వేళ. బీర, సొరకు తెల్లవారాక, పూలు వాడిపోయాయని కళ్ళారా చూసి, చుట్టుపక్కల పొద్దుటి పూల మీద పడకుండా కొట్టాలి.